ఆదివారానికో చవక ప్రింటర్

ఒక గంట మిగులుతుందనే ఆశతో ప్రింటర్ కొన్నాను. నా కూతురు ఏడో తరగతి. నిజాంపేటలో వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. మేమిద్దరం విడిపోయినప్పుడు కుదిరిన ఒప్పందం ప్రకారం ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా నా దగ్గరుంటుంది. మిగతా వారమంతా నాతో మాట్లాడేది మా కొత్తగూడ అపార్ట్‌మెంట్‌లోని లిఫ్టొక్కటే. అదీ తలుపు వేయమని అరవడానికే.

శనివారం సాయంత్రమయ్యేసరికి బడివాళ్ళు వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. ఫలానా బొమ్మలు రంగుల్లో ప్రింట్ తీయించి, చార్టు మీద అంటించి సోమవారం తేవాలట. తల్లిదండ్రులకు వేరే పని ఉండదని వాళ్ళ గట్టి నమ్మకం. ఆదివారం తను రాగానే ఇద్దరం వీధి చివర జిరాక్స్ షాపుకు పరిగెత్తేవాళ్ళం. అక్కడ ఆధార్ కాపీలవాళ్ళు, కిరాయి అగ్రిమెంట్లవాళ్ళు, మాలాగే చార్టు బొమ్మలవాళ్ళు. మా వంతు వచ్చేసరికి గంట పట్టేది.

సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ ఆలస్యమవుతోందో కనిపెట్టి దాన్ని తీసేయడం ఆఫీసులో నా పని. పదహారేళ్ళుగా అదే చేస్తున్నాను. అలాంటిది, నాకున్న ఎనిమిది గంటల్లో ఒకటి జిరాక్స్ షాపు తినేస్తుంటే ఒళ్ళు మండదా?

రెండు వారాలు కూర్చుని, దొరికిన ప్రతి ప్రింటర్ గురించీ చదివి పెద్ద పట్టిక తయారుచేశాను. ప్రింటర్ల షాపులో అమ్మే పెద్దమనిషి ఒక్క ప్రశ్నతో దాన్ని పక్కన పడేశాడు.

“నెలకు ఎన్ని పేజీలు కొడ్తరు సార్?”

నెలకు నాలుగు ఆదివారాలు. పాపకు జ్వరమొచ్చినా, వాళ్ళమ్మ వైపు పెళ్ళి ఉన్నా మూడే. “పదో ఇరవయ్యో” అన్నాను, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

“గంతేనా? ఇంట్ల ఎంతమంది ఉంటరు?”

“నేనొక్కడినే.”

ఆయన గొంతు కాస్త తగ్గించాడు. “అట్లయితే లేజర్ తీస్కోండ్రి. ఎన్ని దినాలు వాడకున్నా ఫికర్ లేదు. కానీ నలుపొక్కటే వస్తది.”

“రంగులు కావాలండి.”

“ఇగ ఈ ఇంకుది చూడుండ్రి, చవక. కానీ జర ఇనుండ్రి సార్, వారానికి ఒక్క పేజీ అన్న కొట్టాలె. ఊకె పెడితే ఇంకు ఎండిపోతది. మల్ల మీరే పరేషాన్ అయితరు.”

వారానికొకసారి ఆదివారం ఎలాగూ వస్తుంది కదా అని అదే తెచ్చుకున్నాను.

మొదటి ఆదివారం తొమ్మిది పక్షుల బొమ్మలు పది నిమిషాల్లో బయటికొచ్చాయి. “సూపర్ నాన్నా!” అంది. పన్నెండింటికల్లా చార్టు పూర్తయింది. గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. “స్కూల్ ఎలా ఉంది?” “బాగుంది.” “అమ్మ?” “బాగుంది.” అన్నం తిన్నాం. సోఫాలో ఆ చివర తన ఫోన్‌తో తను, ఈ చివర నా ఫోన్‌తో నేను. ఇంట్లో మనిషి ఉండగా కూడా అంత ఒంటరిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మొత్తం మూడు ఆదివారాలు అలాగే గడిచాయి.

మూడో ఆదివారం గిన్నెలు కడుగుతుంటే నేను చేసిన ఘనకార్యం అర్థమైంది. లెక్కల టీచరంటే తనకు భయమని, బస్సులో స్నేహితురాలు పక్కన కూర్చోవడం మానేసిందని, వాళ్ళమ్మ అప్పుడప్పుడు కుళాయి తిప్పి ఏడుస్తుందని, ఇవన్నీ నాకు తెలిసింది జిరాక్స్ షాపు క్యూలోనే. నా ముఖం చూడకుండా, ముందున్నవాళ్ళ వీపు చూస్తూ చెప్పేది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏ పిల్ల చెబుతుంది? పదహారేళ్ళ అనుభవమంతా వాడి ఆ గంటనే తీసిపారేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. పోనీ, ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని ‘పద, వెళ్ళి క్యూలో నిలబడదాం’ అని ఏ ముఖంతో అడగను?

నాలుగో ఆదివారం నేను పప్పుకు తాలింపు వేస్తుంటే హాల్లోంచి పిలిచింది.

“నాన్నా, ప్రింటర్ పనిచేయట్లేదు.”

“ఉండు, వచ్చి చూస్తాను.”

“నేను చూశాను. రావట్లేదు. షాపుకెళ్దాం.” అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

షాపు ముందు ఎప్పటిలాగే జనం. ఇంకో పదిమంది ఉంటే బాగుండుననిపించింది. క్యూ రెండడుగులు ముందుకు జరిగింది. తర్వాత, ముందున్నాయన చొక్కా వైపు చూస్తూ అంది.

“బస్సులో ఆ అమ్మాయి మళ్ళీ నా పక్కనే కూర్చుంటోంది నాన్నా.”

“అవునా! ఎప్పటి నుంచి?”

“మూడు వారాలైంది.”

ఆరింటికి తనని నిజాంపేటలో దించి వచ్చాను. ఫ్లాట్ ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. ఏమైందో చూద్దామని ప్రింటర్‌ను ముందుకు జరిపాను. ఇంకు ఎండలేదు. గోడకున్న ప్లగ్గు పీకేసి ఉంది. వైరు చక్కగా చుట్టి, తన జడకు పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

వారానికొక పేజీ కొట్టకపోతే ఇంకు ఎండిపోతుందన్నాడు ప్రింటర్ అమ్మినాయన. ఆ బ్యాండు తీయకుండానే ప్రింటర్‌ను మళ్ళీ గోడవైపు జరిపేశాను. ఎండిపోనీ.