పిల్లలు నలుపు తిరిగేదాకా

శ్రావణ శుక్రవారం పొద్దున, పాలు పోసిన తరువాతే చెప్పింది అవ్వ కోడలు. క్యాన్ మూత పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, "అత్తమ్మ పోయింది వదినా. రాత్రి పండుకున్నది పండుకున్నట్టే పోయింది" అంది.

ఇంట్లో అవ్వను పెట్టుకుని ఈమె పాలు పోయడానికి ఎలా వచ్చిందా అనుకున్నాను. నా మొహం చూసి ఆమే అంది.

"బర్రెలు ఆగయి గద వదినా. అత్తమ్మ ఉన్నా గదే అంటుండె. పాలు పిండి, నాలుగిండ్లల్ల పోసి, అట్లనే చెప్పి పోదామని వచ్చిన."

గేటు దాకా వెళ్లి మళ్లీ ఆగింది. "నిన్న పొద్దుమూకి గూడ ఒక్కటే మాట. పిల్లలు నలుపు తిరిగేదాక చూడాలె, ఇంకో పది దినాలని. నాకేమో సుట్టాలొస్తరు. వాగు కాడ ఎవరుంటరో మరి."

చావు జరిగిన ఇంటి పాలు దేవుడి దగ్గర పెట్టరు. నేనూ ఎప్పుడూ పెట్టలేదు. ఆ రోజు కాచి, చల్లార్చి, పెట్టాను. తప్పయితే ఆయనే చూసుకుంటాడనుకున్నాను.

అవ్వ నాకు బంధువు కాదు. హఫీజ్‌పేట్ స్టేషన్ దాటి లోపలికి వస్తే మా కాలనీ. ఇరవై ఏళ్ల కిందట మేము కడప వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకునేసరికే ఇక్కడ అవ్వ కొట్టం ఉంది, నాలుగు బర్రెలున్నాయి, కింది చెరువులోకి పోయే చిన్న వాగు ఉంది. వాగు అవతల అద్దాల ఆఫీసులు తరువాత ఒక్కొక్కటే లేచాయి. కాలనీలో చివరి ఇల్లు మాది. వెనుక గోడ దాటితే వాగే.

పొద్దున్నే అవ్వ చేతికర్రతో బర్రెలను తోలుకుని మెయిన్ రోడ్డు దాటేది. ఆఫీసు క్యాబులు వరసగా హారన్లు కొట్టేవి. తిరిగి చూసేది కాదు. "ఆళ్లకు తొందరుంటే ఆళ్లు ఎగిరి పోవాలె. నా బర్రె ఎందుకు ఉరుకుతది?" అనేది.

నేను చిన్నప్పటి నుంచీ మెల్లగా మాట్లాడతాను. అవ్వకు అది నచ్చేది కాదు. "జర గట్టిగ మాట్లాడు బిడ్డా, ఎన్ని పొయ్యాల్నో తెల్వాలె గద" అని గేటు బయటి నుంచే అరిచేది. లీటరు పోశాక ఇంకాస్త కొసరు పోసేది. అది పిల్లికి అనేది. మా ఇంట్లో ఏ రోజూ పిల్లి లేదు. ఇరవై ఏళ్లూ పోసింది.

ఒకసారి పూజ పూలను కవర్లో కట్టి వాగులో వేస్తుంటే పట్టుకుంది.

"ఏం ఏస్తున్నవ్?"

"దేవుడి పూలవ్వా. ఎవరూ తొక్కకూడదు కదా, నీళ్లలో కలుపుతున్నా."

"కవర్‌తోనా? దేవుడు చేపై పుట్టిండని నువ్వే చెప్తివి. మల్ల ఆ చేప నోట్లనే కవర్ కుక్కుతున్నవా?"

ఆ రోజు నుంచి పూలు మల్లెచెట్టు మొదట్లో వేస్తున్నాను.

మేము చేప తినము. అవ్వకు కొర్రమీను పులుసంటే ప్రాణం. "నువ్వు దండం పెట్టుకో, నేను పులుసు పెట్టుకుంట. ఇద్దరికీ చేపైతే ఉండాలె గద" అని నవ్వేది. తన చిన్నతనంలో వానాకాలం వాగు పొంగి రెండు వైపులా గడ్డిలోకి పరుచుకునేదట. చెరువులోని కొర్రమీన్లు ఎదురెక్కి వచ్చి ఆ పలచని నీళ్లలో గుడ్లు పెట్టేవట. పిల్లలు పుడితే నీళ్ల మీద కుంకుమ ఒలికినట్టు ఎర్రగా ఒక గుంపు తిరిగేదట, కింద తల్లిచేప కాపలా ఉండేదట. బర్రెలు పొర్లి పొర్లి చేసిన గుంతల్లో ఎండాకాలం కూడా నీళ్లు నిలిచేవి. మిగతా వాగంతా ఎండినా చేపలు అక్కడ బురదలో దాక్కుని వానదాకా బతికేవి. ఇవన్నీ పాలు పోస్తూ చెప్పేది. నేను పాలు తోడుపెట్టే ధ్యాసలో వినేదాన్ని.

తరువాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. కానీ చెప్పకపోతే అవ్వ గురించి సగమే చెప్పినట్టు.

బర్రెల వల్ల పేడ, వాసన, దోమలు అని కాలనీ వాళ్లు ఒక కాగితం రాశారు. వాగులోకి బర్రెలను దింపకూడదని. కింద మూడో సంతకం నాది. సాయంత్రం అవ్వ వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"నీ సంతకం గూడ ఉన్నదా బిడ్డా?"

"ఉందవ్వా."

"కాయితం సదివినవా?"

"చదివినాను."

"మంచిది" అని వెళ్లిపోయింది. మరునాడు పొద్దున మామూలుగా పాలు పోసింది. కొసరు కూడా పోసింది.

రెండు బర్రెలను అమ్మేసి మిగిలిన రెంటినీ కొట్టంలోనే కట్టేసుకుంది అవ్వ. మేము జేసీబీ పెట్టించి వాగును లోతుగా, తిన్నగా తవ్వించాము. గడ్డీ తుంగా అంతా పీకించాము. శుభ్రంగా ఉందని చప్పట్లు కొట్టి ఫోటోలు దిగాము. ఆ ఏడు వానలకు నీళ్లు వచ్చినట్టే కనబడి, రోడ్డు మీద బండి పోయినట్టు పోయాయి. మాఘమాసానికే వాగు ఎండింది. బోర్లు ఎండాయి. ట్యాంకర్ల కోసం ఇంటింటికీ పోట్లాటలు. మరుసటి వానాకాలం ఆ తిన్నని కాలువలో నీళ్ల వేగానికి గట్టు కోసుకుపోయి, మా వెనుక గోడ సగం వాగులో పడింది.

అప్పుడు వెళ్లాను అవ్వ దగ్గరికి. కొట్టంలో గడ్డి వేస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక "అవ్వా, మా గోడ పడిపోయింది" అన్నాను.

"గోడ పడితెగానీ రాకపోతివి" అంది. తరువాత పీట జరిపింది. "కూసో. చాయ్ తాగుతవా?"

అంతే. ఆ సంతకం మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కాలనీ సెక్రటరీ గారి అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. వాగు సంగతి ఏం చేద్దామని అవ్వను కూడా పిలిచి నలుగురం మా అరుగు మీద కూర్చున్న రోజు, ఆ అమ్మాయి ఫోనులో ఒక వీడియో చూపించింది. చలిదేశాల్లో బీవర్ అని ఒక జంతువు ఉందట. పళ్లతో కొమ్మలు కొరికి వాగుకు అడ్డంగా పేర్చుతుంది. నీళ్లు నిలిచి పక్క నేలలోకి పరుచుకుంటాయి. పోయిన చేపలు, అక్కడి ట్రౌట్ చేపలు, తిరిగి వస్తాయి. బీవర్లు లేనిచోట మనుషులే గుంజలు పాతి కొమ్మలు అల్లి దాని పని చేస్తున్నారు. అవ్వ కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని రెండుసార్లు చూసింది.

"ఏం పండ్లే! గొడ్డలి లెక్కున్నయ్. దీనికి జీతమెంత?"

"జీతం లేదవ్వా."

"జీతం లేకుండ గింత పని చేస్తదా? మీ ఆఫీసుల పెట్టుకోండ్రి." అందరం నవ్వాము. అవ్వ మాత్రం ఫోను ఇంకా వదల్లేదు. "మనకాడ ఇది లేదు. బర్రె ఉన్నది. కొమ్మలు పేర్చుడు బర్రెకు రాదు, అది మనం చెయ్యాలె. గుంతలు చేసుడు మనకు రాదు, అది బర్రె చేస్తది."

ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ వాగులోనే గడిచాయి. సర్కారు తుమ్మ గుంజలు పాతి, వావిలి కొమ్మలు బుట్ట అల్లినట్టు అల్లి, మోకాలెత్తు కట్టలు కట్టాము. అవ్వ గట్టు మీద మా ఇంటి నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కర్రతో చూపించేది. "ఇన్ని సదువులు సదివిన్రు, పుల్ల అల్లుడు రాదా?" అని తిట్టేది. అల్లలేక చేతులు గీరుకున్న పిల్లల వేళ్లకు పసుపు నేనే పెట్టేదాన్ని.

మొదటిసారి కట్టినవి మొదటి వానకే కొట్టుకుపోయాయి. గట్టిగా ఉండాలని మావాళ్లు అవ్వ లేనప్పుడు వాటికి ప్లాస్టిక్ షీటు కప్పి, సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. అవ్వ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఊపిరాడకుండ కడితె ఉంటదా? సందుండాలె. నీళ్లను ఆపొద్దురా అయ్యా, జర ఆలస్యం చెయ్యాలె, అంతే."

ఆ మాట నాకు చాలా విషయాల్లో పనికొచ్చింది. కోపం వచ్చినప్పుడు ముఖ్యంగా.

రెండోసారి ఏడు కట్టలు కట్టాము, అన్నీ సందులతో. ఇక రెండు పనులు మిగిలాయి. ఒకటి, మా ఇంటి పక్క కాలనీ ఖాళీ జాగా వైపు గట్టు తగ్గించి, పొంగిన నీళ్లకు చోటివ్వడం. మా ఆయన ఒప్పుకోలేదు. "నీళ్లను మనమే ఇంటి పక్కకి పిలుచుకుంటామా? ఈసారి ఇల్లే పోతుంది" అన్నారు. అవ్వ ఆయనకేసి నిమ్మళంగా చూసి, "ఇరుకుల ఉరికిచ్చిన్రు, గోడను గుద్దింది. ఎడల్పు ఇస్తె కూసుంటది కొడుకా" అంది. ఆ రాత్రి దేవుడి ముందు దీపం పెట్టి, మా ఆయనతో చెప్పాను. ఒకసారి చదివి సంతకం పెట్టి తప్పు చేశాను, ఈసారి గట్టు తగ్గించే కాగితానికి చదవకుండా అవ్వ మాట మీద పెడతానని. ఆ వారమే గట్టు తగ్గించారు.

రెండోది బర్రెలు. సెక్రటరీ గారే కొట్టానికి వచ్చి, బర్రెలను మళ్లీ వాగులోకి తోలమని అడిగారు. అవ్వ బర్రెల వైపు చూపించింది. "నన్నెందుకు అడుగుతున్నవ్? రావొద్దన్నది ఆటిని."

"ఇగ బర్రెలకు గూడ సారీ చెప్పాల్నా?" అని గొణిగారాయన. నేను ఇంటికెళ్లి పళ్లెంలో పసుపు కుంకుమ తెచ్చి, రెండు బర్రెల నుదుట బొట్టు పెట్టాను. ఒకటి నా కొంగు నమిలింది. అవ్వ అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

పెద్ద వాన వచ్చిన రోజు మా ఆయనా నేనూ కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాము. నీళ్లు కట్టల మీదుగా పొర్లి, గట్టు తగ్గించిన చోట ఖాళీ జాగాలోకి తిరిగాయి. చీలమండ లోతున, చప్పుడు లేకుండా, గడ్డిలో పరుచుకున్నాయి. రెండు రోజులు అలాగే ఉండి, మెల్లగా ఇంకిపోయాయి. మా గుమ్మం తడవలేదు. వచ్చిన ఎండాకాలం మా బోరు ఆగలేదు. బర్రెల గుంతల్లో వైశాఖంలో కూడా నీళ్లున్నాయి. ఇవాళ మా కాలనీకి ఎవరు వచ్చినా ముందు వాగు దగ్గరికే తీసుకువెళతాం. మేమే కట్టామని చెబుతాం. చెబుతున్నప్పుడు నా గొంతు కాస్త పెద్దదే అవుతుంది.

ఈ శ్రావణం మొదట్లో అవ్వ గేటు దగ్గర నుంచి అరిచింది. "బిడ్డా! గిన్నె అవతల పెట్టి రా!"

మూడో కట్ట వెనుక, గడ్డి పక్కన, నీళ్ల మీద కుంకుమ ఒలికినట్టు ఎర్రగా గుంపు. వేలెడు కూడా లేని పిల్లలు. గుంపు జరిగితే కింద నల్లటి నీడ జరిగింది. నేను చేతులు జోడించాను. "పులుసు ఎప్పుడవ్వా?" అని వేళాకోళం చేశాను.

అవ్వ నవ్వలేదు. "ఇప్పుడు తల్లిని పడితె పిల్లల్ని కప్పలు, కొంగలు ఒక్కపూటల బుక్కుతయ్. నలుపు తిరగనీ. రంగు మారినంక ఆటి బతుకు ఆటిది."

ఆ రోజు నుంచి పాలు పోయడం కోడలికి అప్పగించి, అవ్వ పొద్దంతా ఆ నీలం కుర్చీలోనే కూర్చుంది. గాలాలతో వచ్చినవాళ్లను కర్ర చూపించి పంపేది. వానకు గొడుగు పట్టుకుని మరీ కూర్చునేది. జ్వరం తగిలినా ఇంటికి పొమ్మంటే పోలేదు. చివరి గురువారం సాయంత్రం కూడా అక్కడి నుంచే లేచి వెళ్లింది.

శుక్రవారం మధ్యాహ్నం అవ్వను తీసుకెళ్లారు. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. డప్పుల చప్పుడు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, నేను వాగు దగ్గరికి వచ్చాను. కుర్చీ ఖాళీగా ఉంది. మూడో కట్ట దగ్గర ఒకాయన, బ్రతికున్న కప్పను గాలానికి గుచ్చి, సరిగ్గా ఆ ఎర్ర గుంపు పక్కకే వదులుతున్నాడు.

"ఏయ్! తియ్! గాలం తియ్!"

ఆ అరుపు నాదేనని నాకు ఒక క్షణం తరువాత తెలిసింది. ఆయన ఉలిక్కిపడి గాలం లాగేశాడు.

"చేపలు నీయా అమ్మా?"

"మా అవ్వవి."

"ఏది మీ అవ్వ? ఎవ్వరు లేరు గదా."

నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను, పక్కన ఆనించి ఉన్న అవ్వ కర్ర తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన గాలం చుట్టుకుని వెళ్లిపోయాడు.

పది రోజులూ ఆ కుర్చీ ఖాళీగా లేదు. పొద్దున నేను, మధ్యాహ్నం పేపరు పట్టుకుని మా ఆయన, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సెక్రటరీ గారి అమ్మాయి. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. రోజూ గుంపులో ఎరుపు కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. ఇటుక రంగు, తరువాత మట్టి రంగు.

పదకొండో రోజు అవ్వ ఇంట్లో దినాలు. పొద్దున్నే వెళ్లి చూస్తే నీళ్ల మీద ఏమీ లేదు. ఎరుపు లేదు, గుంపు లేదు. వంగి, చాలాసేపు చూశాను. అప్పుడు కనబడ్డాయి. తుంగ మొదళ్లలో ఒకటి, రాయి పక్కన రెండు, గడ్డి నీడలో ఇంకోటి. నల్లగా, విడివిడిగా, ఎవరి దారిన వారు.

అవ్వ కోడలు బర్రెలను తోలుకొచ్చింది. అవి గుంతలోకి దిగి, మెల్లగా కూర్చుని, ముక్కుల వరకూ మునిగాయి. నేను కుర్చీ తీసి ఇంట్లో పెడదామని చేయి వేశాను. కట్ట వెనుక ఎక్కడో ఒక పెద్ద చేప గాలి కోసం పైకి వచ్చి బుడుంగున మునిగింది. కుర్చీని అక్కడే ఉంచాను. నీళ్ల మీద వలయాలు ఒకదాని వెనుక ఒకటి బర్రె దాకా వచ్చి, దాని వీపుకు తగిలి ఆగాయి.