చలమయ్య గ్రహశకలాలు

మైలపల్లి చలమయ్యకు గ్రహశకలాల పిచ్చి. విశాఖ చేపల రేవులో పడవలకు రంగులు వేసి పేర్లు రాసే ఆ మనిషిని నేను తొలిసారి చూసింది, వేట నిషేధం వల్ల పడవలన్నీ కట్టేసి ఉన్న ఒక మే నెలలో. ఎండుచేపల కోసం వెళ్లిన నాకు ఒక పడవ మీద ‘పార్థెనోపి’ అన్న పేరు కనబడింది. ముప్ఫై ఐదేళ్లు తెలుగు చెప్పినదాన్ని, ఊరుకోలేకపోయాను.

"ఏమయ్యా, ఇది ఏ భాష?"

"గ్రీకోళ్ల దేవకన్యండి, టీచరమ్మగోరూ. ఆ పేరెట్టిన రాయొకటి అంగారకుడికీ గురుడికీ మజ్జన తిరగతంది."

నేను టీచర్నని ఎలా తెలిసిందని అడగలేదు. నా గొంతు అలాంటిది.

పాత కాగితాల దుకాణంలో దొరికిన ఖగోళ పుస్తకం ఒకటి ఆయనకు కంఠస్థం. ఇంట్లో మేక పేరు ఐరిస్, కోడి పేరు యూటర్పి. ఒక ఆదివారం భార్య రోజారమణి, "యూటర్పి ఉడికిపోనాది, తిందురు గాని రండి" అని పిలిస్తే, ఆయన పచ్చడితో సరిపెట్టుకున్నాడట.

ప్రతి వేసవిలోనూ రేవులో ఒక గ్రీకు దేవత పెరిగేది. "నీ పాండిత్య ప్రదర్శనకు పరుల పడవలే దొరికాయా?" అని మందలించేదాన్ని. ఆయన నవ్వి కుంచె ముంచుకొనేవాడు.

ఈ జూన్‌లో తాయారు అనే ఆమె వచ్చి ఆయన ఎదుట కూలబడింది. ఆమె భర్త కిందటి కార్తీకంలో తమ పడవ మీదే గుండె ఆగి పోయాడు. అది కీడు పడవన్న మాట రేవంతా పాకింది.

"ఎల్లుండి వేట మొదలు, సలమయ్యన్నా. ఒక్క కలాసీ కూడా ఎక్కనంతన్నాడు. పడవ ముక్కలుసేసి అమ్ముకోవాల."

"ఏడవకమ్మా. పేరు మార్సేద్దాం."

మధ్యాహ్నానికల్లా పాత పేరు పోయి ‘థెటిస్’ వెలసింది. పడవల మీద పనిచేసే కలాసీలు గుమిగూడారు.

"ఎవలు బావా ఈవిడ?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు తాతబాబు.

"సముద్రుడింటి ఆడపడుసు. ఈవిడ పేరెట్టిన రాయి కోట్ల ఏళ్లనించి తిరగతంది. ఒక్కనాడూ దారి తప్పనేదు."

తాతబాబు చెప్పులు విడిచాడు. "తేటీసమ్మ తల్లీ!" అని దండం పెట్టాడు. తక్కినవాళ్లు కొబ్బరికాయకు పరుగెత్తారు.

నేను రేవు పొడవునా చూశాను. పార్థెనోపి, మెటిస్, గలాటియా. "అయితే, ఇవన్నీ...?"

"అయ్యన్నీ ఎవలూ ఎక్కనన్న పడవలేనండి," అన్నాడు మెల్లగా. "మనూరి అమ్మోరి పేరెడితే, మొన్న నువ్వు కాపాడనేదు కదా అని అమ్మోరి మీదే అలుగుతారు. ఈ తల్లుల మీద ఇంకా ఎవలికీ కోపం నేదు."

అది అమ్మవారు కాదని కలాసీలకు చెప్పాలని నా నాలుక దురద పెట్టింది. ఇంతలో ఆయనే చేతులు జోడించాడు. ఇప్పటివరకు ఆయన నన్ను కోరిన కోరిక అదొక్కటే.

"టీచరమ్మగోరూ, తేటీసమ్మకి ఓ పద్యం రాసెట్టండి. ఎల్లుండి పొద్దున్న సదవాల."

నేను ఒక్కటే అడిగాను: "కందమా, ఆటవెలదా?"

"ఏదైనా పర్లేదండి. తాతబాబుకి నోరు తిరగాల, అంతే."