లైనుతో పాటు

లైనులో అందరూ ఆమెను కాలరక్క అంటారు. చొక్కాల ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచీ కాలర్లే కుడుతోంది. రెండు మూలలూ ఒకదాన్నొకటి అద్దంలో చూసుకుంటున్నట్టు కుదరాలి; ఆమె చేతిలో కుదురుతాయి. చెయ్యి తిరిగిన మనిషి. తలుచుకుంటే మధ్యాహ్నం భోజనాల గంటకే రోజు పనిలో చాలావరకు లాగించెయ్యగలదు. తలుచుకోదు. కుట్టేసిన కాలర్ల కట్ట ఒకటి ఎప్పుడూ ఆమె కాళ్ళ దగ్గర, బల్ల కింద, గుడ్డపీలికల చాటున ఉంటుంది. ఇంటికెళ్ళే గంట కొట్టబోతుండగా అది పైకొస్తుంది.

అది ఆ లైను పద్ధతి. ఒకరు ఎక్కువ కుడితే మర్నాడు బోర్డు మీద టార్గెట్ పెరుగుతుంది, అందరికీ. చేరిన కొత్తలో ఆ సంగతి తెలియక ఆమె చెలరేగి కుట్టింది. టార్గెట్ పెరిగింది. పక్క మిషను మీద చేతిపట్టీలు కుట్టే పెద్దమ్మకి అప్పటికే చూపు మందగించింది. అందుకోలేక, నీళ్ళు తాగడానికి కూడా లేవకుండా మిషనుకి అతుక్కుపోయింది. పల్లెత్తు మాట అనలేదు. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, "నీకేం తల్లీ, రెక్కలున్నాయి. మావి ఉత్త చేతులు" అంది.

ఈ కథ ఆమె ఇంట్లో చాలాసార్లు చెప్పింది. నవ్వించడానికే చెప్పేది. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ సాచి, బల్లల మధ్య తిరిగే సూపర్‌వైజరులా వంటింట్లో నడిచి చూపించేది. కూతురు పొట్ట పట్టుకుని నవ్వేది.

"పని ముందే అయిపోతే ఏం చెయ్యాలే?" అని అడిగేది తల్లి.

"బల్ల కింద దాచెయ్యాలి!"

ఆ కూతుర్ని ఇంట్లో గువ్వ అంటారు. గువ్వకు లెక్కల పిచ్చి. మెట్లెక్కుతూ, పళ్ళు తోముకుంటూ ఏవో అంకెలు గొణుగుతుంది. తరగతిలో టీచరు, చిన్న అంకెలోంచి పెద్దది తీసెయ్యలేమని చెబితే గువ్వ లేచి, "తియ్యొచ్చు టీచర్. లిఫ్టు సున్నా దాటి నేలకిందికి పోతుందిగా, అలాగ" అందట. పిల్లలంతా నవ్వారట. ఇంకా పాఠం అక్కడికి రాలేదు, కూర్చోమంది టీచరు. ఆ తరవాత గువ్వ కూర్చునే ఉంది. చెప్పినవే చెబుతుంటే కిటికీలోకి చూస్తూ కూర్చుంది. మెల్లగా పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. డాక్టరు కడుపు నొక్కి చూసి, "స్కూల్లో ఏమైనా గొడవా?" అని అడిగాడు.

కాలరక్క పర్మిషన్లు పెట్టుకుని బడి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. పెద్ద స్కూలు నుంచి లెక్కల సారు ఒకరు వారానికోసారి వచ్చి, బాగా ముందున్న కొద్దిమంది పిల్లలకి విడిగా చెబుతారని చివరికి తెలిసింది. దానికి తరగతి మొత్తానికీ పరీక్ష పెడతారు. పరీక్ష రోజు పొద్దున ఆమె కూతురికి రెండు పెన్సిళ్ళు చెక్కి ఇచ్చింది. గువ్వ కడుపునొప్పి ఊసెత్తకుండా బడికి వెళ్ళింది.

ఫలితం కనుక్కోవడానికి వెళ్తే టీచరు కుర్చీ చూపించింది.

"మీ పాప మిగతా పిల్లల్లాగే చేసిందమ్మా. బెంగపడాల్సిందేం లేదు."

"పిల్లల్లాగే అంటే?"

"పేపరు సగంలో ఆపేసింది. రాసినవన్నీ కరెక్టే. తరవాత పెన్సిలు పక్కన పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒంట్లో బాలేదా అని అడిగాను కూడా. బాగానే ఉందంది."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో కాలరక్కకి తెలుసు.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "మిగతా లెక్కలు రాలేదా?"

"వచ్చాయి."

"మరి?"

గువ్వ గౌను అంచు మెలిపెట్టింది. "నా పక్కన బొద్దుపాప సగమే చేసిందమ్మా. నేను అన్నీ చేస్తే టీచరు రేపట్నుంచి అందరికీ అన్ని ఇస్తారు. అది ఏడుస్తుంది. ఇప్పుడున్నవాటికే ఏడుస్తుంది."

"అది పరీక్షే గువ్వా. అది వేరే."

"ఎలా వేరే?"

బస్సుల డిపోలో మెకానిక్కయిన భర్త ఎదురుగా గోడకానుకుని గోళ్ళలో గ్రీజు గీరుకుంటున్నాడు. "ఇంకా చూపించు, సూపర్‌వైజరు నడక" అన్నాడు. అని, తనకే నచ్చనట్టు లేచి కుళాయి దగ్గరకు పోయాడు.

మర్నాడు ఆమె మళ్ళీ బడికి వెళ్ళింది. బల్ల కింద కట్ట సంగతి బయటి మనుషులకు ఎన్నడూ చెప్పింది కాదు; టీచరుకి చెప్పింది. చెబుతుంటే ఫ్యాక్టరీలో మనుషుల్ని పట్టిస్తున్నట్టు గొంతు తగ్గిపోయింది. టీచరు శ్రద్ధగానే వింది.

"మీరు అబద్ధం చెబుతున్నారనను. కానీ సారు పిల్లల్ని ఎంచుకుని వెళ్ళిపోయారు. పేపరు చూసే ఎంచుకుంటారు ఎవరైనా. ఇలా ప్రతి తల్లీ వచ్చి మా వాడూ కావాలనే ఆపాడంటే నేనేం చెప్పను? వచ్చే ఏడాది మళ్ళీ రాయిద్దాం."

వచ్చే ఏడాదికి అది రాస్తుందా అని అడగబోయి, ఆమె లేచింది.

రాత్రి పక్కలు వేస్తూ కూతురితో, "ఇకనుంచి వచ్చినవన్నీ రాసెయ్యి. ఎవరి కోసమూ ఆగకు" అంది.

గువ్వ దిండు మీద తల పెట్టి ఆలోచించింది. "అయితే నువ్వు కూడా కట్ట పైన పెట్టేస్తావా?"

"పడుకో" అంది తల్లి.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆమె కాళ్ళ దగ్గర కట్ట తయారైంది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. సూపర్‌వైజరు ఆ చివర నిలబడి ఉన్నాడు, పిలిస్తే వస్తాడు. పక్కన పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించలేక, కొస తడిపి, మళ్ళీ తడిపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఒక్కసారి ఇది ఎక్కించి పెట్టు తల్లీ" అంది.

కాలరక్క కట్ట కింద పెట్టింది. దారం ఎక్కించింది. పాదంతో కట్టను పీలికల చాటుకి జరిపింది.

ఆ నెల దాటాక గువ్వకు కడుపునొప్పి రాలేదు. బడి గేటు దగ్గర ఒక సాయంత్రం టీచరే పిలిచి సంతోషంగా చెప్పింది.

"ఇప్పుడు బాగా కుదురుకుందమ్మా. కిటికీలోకి చూడడం, మధ్యలో లేవడం, ఏమీ లేవు. చక్కగా అందరితో పాటే ముగిస్తోంది."

"మంచిదండీ" అంది ఆమె.

ఇంటి దగ్గర గువ్వ మెట్లు ఎక్కుతోంది. తల్లి వెనక నుంచి చెవి ఒగ్గి వింది. అంకెలేవీ వినిపించలేదు.