అమ్మకి అందని ఒడిబియ్యం

నిన్న పొద్దున ఫిజిక్స్ క్లాస్‌లో ఉండగా వార్డెన్ మేడమ్ వచ్చి బయటికి పిలిచింది. ఇంటి నుంచి ఫోన్ అంది.

తెనాలి నుంచి నాన్న అనుకున్నాను.

కాదు. కర్మన్‌ఘాట్ నుంచి అత్తయ్య.

"మీ మామ లేడు బిడ్డా" అంది.

హార్ట్ ఎటాక్. డ్యూటీకి యూనిఫామ్ వేసుకుని, చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి అలాగే పక్కకి వాలిపోయాడట. దవాఖానకి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు. ఈ ఆదివారమే కదా దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరం కలిసి అమ్మకి చీర కొన్నాం. రంగు నచ్చలేదని నాతో గొడవ కూడా పెట్టుకున్నాడు.

ఫ్రెండ్స్, నాకు హైదరాబాద్‌లో మేనమామ ఉన్నాడని మీలో చాలామందికి తెలీదు. ఇక్కడికి చదువుకోడానికి వచ్చేదాకా నాకే తెలీదు.

మా అమ్మది కర్మన్‌ఘాట్. నాన్నది తెనాలి. లవ్ మ్యారేజ్. మావయ్య ఒప్పుకోలేదు, అమ్మ ఆగలేదు. అక్కడితో అన్నాచెల్లెళ్లకి మాటల్లేవు. మా ఇంట్లో ఆ ఊసే ఎత్తేవాళ్లు కాదు.

నేను ఇంటర్‌కి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేరాక తెలంగాణ సమ్మె మొదలైంది. బస్సుల్లేవు. కాలేజీ లేదు. చివరికి మెస్ కూడా మూసేశారు. నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే అమ్మ సరేనని పెట్టేసింది. గంట తర్వాత తనే చేసి, "మా అన్నయ్య వస్తాడు. వెళ్లు" అంది. సైదాబాద్‌లో నాకో పిన్ని ఉందనీ, ఆవిడ అమ్మకి చాటుగా ఫోన్ చేస్తుందనీ, కబురు ఆవిడే పంపిందనీ తర్వాత తెలిసింది.

గేటు దగ్గరికి స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. బండి ముందు జై తెలంగాణ స్టిక్కర్. నేను గేటు లోపలే ఆగిపోయాను.

"సుజాత బిడ్డవా?" అన్నాడు. నా మొహం చూసి, "అడిగేదేంది, అదే ముక్కు. ఎక్కు" అన్నాడు.

మావయ్య ఆర్టీసీ డ్రైవర్. ఇంటికి కాకుండా ముందు ఎల్‌బీ నగర్‌లో వాళ్ల దీక్షా శిబిరానికి తీసుకెళ్లాడు. నేను మంచినీళ్లు అడిగితే టెంట్‌లో ఒకతను, "ఎవరే గీ పిల్ల, మాట ఆంధ్ర లెక్కుంది?" అన్నాడు.

"నా చెల్లె బిడ్డ. నా మేనకోడలు" అన్నాడు మావయ్య. అంతే. నాకు నీళ్లొచ్చాయి, వెనకాలే చాయ్ కూడా వచ్చింది.

సమ్మె నడిచినన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాను. వాళ్లకి పిల్లల్లేరు. నన్ను నెత్తిన పెట్టుకున్నారు. మావయ్య హనుమాన్ గుడికి తీసుకెళ్లి, "పరీక్షలొస్తే మీ అమ్మ ఈడనే తిరుగుతుండె. లెక్కల్ల ఫస్ట్. నువ్వేంది గిట్ల తయారైనవ్?" అని ఏడిపించేవాడు. నా వయసులో అమ్మ బోనమెత్తుకుని నడుస్తుంటే గల్లీ గల్లీ చూసేదని అత్తయ్య చెప్పింది. తెనాలిలో నలుగురి ముందుకి రావడానికే మొహమాటపడే మా అమ్మ.

ఒకరోజు వంటింట్లో రెండు పళ్లేల నిండా పసుపు కలిపిన బియ్యం కనిపించాయి. మావైపు అక్షింతలకి గుప్పెడే కలుపుతారు. ఇన్ని ఉన్నాయంటే పులిహోరకే అనుకున్నాను. సాయం చేద్దామని ఒక పళ్లెంలోవి కడిగి కుక్కర్ పెట్టేశాను.

విజిల్ విని అత్తయ్య పరిగెత్తుకొచ్చింది. "ఏం పని చేసినవ్ బిడ్డా, అవి ఒడిబియ్యం" అని తల పట్టుకుంది.

పెళ్లయిన ఆడబిడ్డని ఇంటికి పిలిచి, అన్నావదినలు ఆమె ఒళ్లో దోసిళ్లతో పోసే బియ్యమట. ఆమె వాటిని అత్తింటికి తీసుకెళ్లి అక్కడే వండాలి. మూడేళ్లకో ఐదేళ్లకో పోస్తారు. ఒక పళ్లెం సైదాబాద్ పిన్నిది.

రెండోది, నేను కుక్కర్లో పెట్టింది, మా అమ్మది. పిన్నికి పోసిన ప్రతిసారీ అమ్మకీ కలిపి, తీసుకునే మనిషి లేక మావయ్య గుడిలో ఇచ్చేసి వస్తాడట.

మావయ్య కుక్కర్ మూత తీసి చూశాడు. నవ్వాడు. "నీ తల్లి అత్తింట్ల వండాల్సింది, నువ్వు పుట్టింట్లనే వండినవ్ కదనే" అన్నాడు. పళ్లెం ముందేసుకుని పచ్చిపులుసు పోసుకుని తింటూ ఏడ్చాడు.

ఇక అప్పట్నుంచి నా పని మావయ్యకీ అమ్మకీ మధ్య ఫోన్లో మాటలు మోయడమే. ఆయనేమో, "పోయింది తను, రావాల్సింది తను" అంటాడు. ఈవిడేమో, "పుట్టింటివాళ్లు పిలవకుండా ఒడిబియ్యానికి ఎవరైనా వెళ్తారా?" అంటుంది. రాష్ట్రం సంగతి ఢిల్లీలో తేలుతుందేమోగానీ వీళ్ల సంగతి తేలదని పిన్నితో అన్నాను.

పోయిన వారం నేను అమ్మతో మాట్లాడుతుంటే మావయ్య ఫోన్ లాక్కున్నాడు.

"చెల్లె, శుక్రవారం ఒడిబియ్యం పోస్త. రా."

అని పెట్టేశాడు. అమ్మ ఏమందో కూడా వినలేదు.

రేపే శుక్రవారం.

అమ్మ నిన్న మధ్యాహ్నమే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంటి గడప తొక్కింది, ఇలా. పోసే మనిషి లేడు. అత్తయ్య ఇక పోయకూడదట. ఎవరు పెట్టారో ఈ రూల్స్, నాకు ఒళ్లు మండిపోతోంది.

అమ్మ ఏడవలేదు. అన్న పక్కన కూర్చుంది. కొంగు తీసి రెండు చేతులతో ఒడి పట్టింది.

"అన్నా, పిలిస్తివి గదా. ఒచ్చిన. పొయ్యవా?"

అమ్మ అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మేమెవ్వరం ఆ కొంగు దించలేకపోయాం. పాడె కట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

మావయ్యా, నువ్వు పిలిచావు, నీ చెల్లెలు వచ్చింది. ఇంక ఏ బెంగా పెట్టుకోకు.

ప్రశాంతంగా నిద్రపో.