దుప్పటి రెండో కొస

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఇల్మెనౌలో రైలెక్కాను. వెంట తీసుకెళ్లినవి ఒక జత బట్టలు, నాలుగు మాస్కులు, ఒక తగాదా. ఆ తగాదా కెమ్నిట్జ్‌లో ఒక ముసలి నటుడితో పెట్టుకోవలసింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో అక్క కూతురి దగ్గర రెండు నెలలు ఉండి పోదామని జర్మనీ వచ్చాను. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. అక్టోబరు ఆఖరుకి కూడా ఇల్మెనౌలోనే ఉన్నాను, ఈలోగా కాస్త జర్మన్ కూడా నేర్చుకున్నాను. కాలక్షేపానికి ఇంటర్నెట్‌లో జరిగే తెలుగు చర్చల్లో కూర్చునేదాన్ని. రూత్ అక్కడే పరిచయమైంది. భీమవరం దగ్గరి అమ్మాయి, ముప్పై దాటాయి, కెమ్నిట్జ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రార్థన వల్ల ఒరిగేదేమిటని నేను, మీరు రాసే సంస్కరణ వ్యాసాల వల్ల ఒరిగిందేమిటని తను, మొదటి రోజే వాదించుకుని స్నేహితులమయ్యాం.

గురువారం ఫోన్ చేసింది. "ఆంటీ, సోమవారం నించి థియేటర్లన్నీ మూసేస్తన్నారండి. మా నాటకం ఒక్క ఆటే. శనివారం రాకపోతే ఇంక లేదు."

రూత్ సెలవు రోజుల్లో ఒక చిన్న నాటకశాలలో పనిచేస్తుంది. పరభాషా నాటకం ఆడినప్పుడు పైన తెర మీద జర్మన్ అనువాదం వేయడం తన పని. ఈసారి ఒక పాత జర్మన్ నాటకాన్నే దక్షిణాఫ్రికా నటుడొకాయన ఆఫ్రికాన్స్‌లోకి తెచ్చి ఆడుతున్నాడు. అనువాదం, దర్శకత్వం, ముఖ్యపాత్రైన తండ్రి వేషం ఆయనవే. మనుషుల్ని రంగును బట్టి విడదీసిన ప్రభువుల భాషకు నేనెందుకు చప్పట్లు కొట్టాలి అన్నాను. "ఆ మాట ఆయన్నే అడగండి. నాతో ఏం లాభం?" అంది రూత్.

ఈ దారిన వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ఎర్‌ఫుర్ట్‌లో ఒకసారి, గ్లౌహావ్‌లో ఇంకోసారి బండి మారాలి. పాతిక యూరోల లోపు టికెట్టుతో రోజంతా తిరగొచ్చు. ఎర్‌ఫుర్ట్ దాటాక నా ఎదుట కూర్చున్న ముసలావిడ మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. పైకి లాక్కోమన్నాను. "ఈ ముక్కుకి ఎనభై ఏళ్లుగా ఎవరూ ఆజ్ఞలు ఇవ్వలేదు" అంటూనే లాక్కుంది. కాసేపటికి సంచిలోంచి ఆపిల్ తీసి చూపించి, "తినాలంటే దీన్ని దించాలి కదా, అనుమతిస్తారా?" అంది. నవ్వక తప్పలేదు.

పన్నెండున్నరకి కెమ్నిట్జ్. రూత్ ఇంట్లో కిటికీలు తెరిచి, చెరో మూలన కూర్చుని పప్పు, చేపల వేపుడు తిని రెండింటికి నాటకశాలకు వెళ్లాం. అది ఒకప్పుడు మేజోళ్లు నేసిన ఫ్యాక్టరీ. గాలి ఆడాలని కిటికీలన్నీ తెరిచారు, చలి ఎముకల్లోకి దిగుతోంది. కోటు మీద కోటు వేసుకుని స్టేజి అంచున కూర్చున్న మనిషిని చూపించి, "ఊమ్ డానీ" అంది రూత్. ఊమ్ అంటే వాళ్ల భాషలో బాబాయిలాంటి పిలుపు. డెబ్బై దాటిన మనిషి. రంగు నా రంగే.

తెచ్చుకున్న తగాదా అక్కడే సగం నీరుగారింది. అయినా అడిగాను.

ఆయన ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. "అది మా వంటిళ్లలో, చాకిరేవుల్లో పుట్టిన భాషమ్మా. దొరలు తర్వాత దానికి కోటు తొడిగి తమదన్నారు. మేం మాట్లాడితే వంటింటి భాష అని నవ్వారు."

నాకు మన గ్రాంథిక పండితులు గుర్తొచ్చారు. చెబితే, వేషాలు కట్టే మనిషి కదా, ఆ పండితుల టోపీలు ఎలా ఉండేవని అడిగాడు.

కేప్‌టౌన్‌లో ఆయన తల్లి బట్టలు ఉతికేది. పెద్ద నాటకశాలల్లో ఆయనకు స్టేజి మీదా చోటు లేదు, కుర్చీల్లోనూ లేదు, చట్టమే ఒప్పుకోదు. బడి హాళ్లలో, చర్చి హాళ్లలో ఆడాడు. తర్వాతెప్పుడో పెద్ద కంపెనీవాళ్లు నౌకరు వేషానికి పిలిస్తే వెళ్లలేదు. తండ్రి వేషం వేయాలని ఈ నాటకాన్ని తనే అనువదించుకున్నాడు. అమ్మ ఇస్త్రీ చేస్తుంటే పక్కన నిలబడి ప్రతి వాక్యం పైకి చదివేవాడట. "ఇస్త్రీ పెట్టె ఆగిందంటే ఆమెకు అర్థం కాలేదన్నమాట. ఆ వాక్యం కొట్టేసేవాణ్ణి." యాభై ఏళ్లుగా ఆ నాటకాన్ని మోస్తున్నాడు. అది పుట్టిన దేశంలో వినిపించాలన్నది ఆయన కోరిక. దానికి ఇక మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే.

మూడింటికి నాటకశాల ఆరోగ్య నియమాల అధికారి వచ్చాడు, చేతిలో కొలత టేపుతో. ఆఖరి రంగంలో ఇల్లు వదిలి వెళ్లే కూతుర్ని తండ్రి కౌగిలించుకోవాలి. కూతురి వేషం కార్లా అనే నటిది. ఇద్దరూ కరోనా పరీక్ష చేయించుకున్నారు గానీ ఫలితాలు ఇంకా రాలేదు. "ఫలితం లేకుండా కౌగిలి లేదు. ఒకటిన్నర మీటరు" అన్నాడు అధికారి, పాపం తనకే కష్టంగా ఉన్నట్టు.

"అయితే నాటకం లేదు" అన్నాడు ఊమ్ డానీ. కోపంగా కాదు. వెళ్లి తండ్రి కుర్చీలో కూర్చుండిపోయాడు. కార్లా గోడకానుకుని నిలబడింది.

"ప్రేయర్ చేస్తన్నానండి ఆంటీ" అని గొణిగింది రూత్.

"చేతులకి పని చెప్పు ముందు" అన్నాను.

జనం దూరంగా కూర్చోవాలని ఖాళీ వరసల మీద తెల్ల దుప్పట్లు కప్పుతున్నారు. ఒకటి మిగిలింది. రూత్ అటు కొస పట్టుకుంది, నేను ఇటు కొస. ఉతికిన చీర మడిచినట్టే ఒకసారి లాగి దులిపాం, అడ్డంగా మడిచాం. నిలువు మడతకు దగ్గరికి నడవాలి. రూత్ రెండడుగులు వేసి ఆగింది. పెద్దదాన్నని, కరోనా నించి నన్ను కాపాడటం. తన కొస నేల మీద పెట్టి వెనక్కి వెళ్లింది. నేను వెళ్లి ఎత్తుకుని మడత పూర్తిచేశాను.

"మళ్లీ చెయ్యండి" అన్న గొంతు స్టేజి మీంచి వినిపించింది. మళ్లీ చేశాం. ఊమ్ డానీ లేచి నిలబడ్డాడు. "ఆ దుప్పటి ఇలా ఇవ్వండి."

ఆరింటికి ఆట. హాలంతా కలిపి ముప్పై మందిమి ఉంటాం. నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. మొదటి పది నిమిషాలు తెర మీది అనువాదం చదివాను, తర్వాత మానేశాను. ఆ మనిషి గొంతులో తండ్రి, అప్పుల్లో మునిగినవాడు, దేవుడి మీద అలిగినవాడు ఒకరి వెంట ఒకరు వచ్చి వెళుతున్నారు. ఆఖరి రంగం వచ్చింది. తండ్రీ కూతురూ దుప్పటి మడుస్తున్నారు. బిగించి లాగినప్పుడల్లా గుడ్డ చప్పుడు హాలంతా వినపడింది. అంత దూరాన ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి బలం ఒకరు తెలుసుకోవడం కళ్లతో చూశాను. దగ్గరికి నడిచారు, ఆగారు. ముసలాయన నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చుని, తన కొస నేల మీద పరిచి, ముడతలు అరచేత్తో సరిచేశాడు. లేచి, కూతురి మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచాడు. ఆమె వచ్చి ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. కౌగిలి అంతకంటే ఏం చేస్తుంది?

అధికారి టేపు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. ఏ గుళ్లోనూ చేతులు జోడించని నేను అక్కడ లేచి నిలబడి జోడించాను. ఒక మనిషి పనికి జోడించాను.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో రూత్ నాకు ఒక సీటు ఎడంగా కూర్చుంది. తర్వాత అంది, "ఆంటీ, నేను ఆ కొస కింద పెట్టినపుడు మీకేమీ అనిపించలేదా?"

"దూరం పాటించావనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నానండి. ఆయన మోకాళ్లేసి పెడితే అప్పుడు తెలిసింది. మా పేటలో మా నాయనమ్మకి కూలి గింజలు అలాగే ఇచ్చేవారంట. కింద పోసి ఎనక్కెళ్లేవోరు. లేపోతే కొంగు పట్టమని, తగలకుండా పైనించి పోసేవోరు. ఆవిడ రోజూ చెప్పేది."

"ఆయనకి చెప్పావా?"

"చెప్పేనండి. 'మా అమ్మకి కూడా మాసిన బట్టల మూట గుమ్మం బయట పడేసేవాళ్లు. అందుకే మోకాళ్ల మీద కూర్చుని పెట్టాను' అన్నాడు."

సంస్కరణ గురించి నలభై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్నాను. ఒకే దూరాన్ని ఒకడు అవమానానికి వాడితే ఇంకొకడు గౌరవానికి ఎలా మార్చగలడో ఒక్క వ్యాసంలోనూ ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను.

ఆదివారం పది గంటల బండి. రూత్ ప్లాట్‌ఫారం దాకా వచ్చింది, చేతిలో పులిహోర పొట్లం. అలవాటుగా బెంచీ మీద పెట్టి జరగబోయింది.

"అక్కడొద్దు" అన్నాను. కోటు గుండీలు విప్పి, చీర కొంగు బయటికి లాగి, రెండు చేతులా చాచి పట్టాను. "ఇందులో వెయ్యి. దూరం దూరమే ఉంటుంది."

"అయ్యో ఆంటీ! ఏంటండిది? జనం చూస్తన్నారు."

"చూడనీ. వెయ్యి."

రూత్ ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత పొట్లం నా కొంగులో పడింది. బరువుగానే ఉంది. మాస్కు పైన తన కళ్లు నవ్వుతున్నాయో ఏడుస్తున్నాయో తెలియలేదు, నేను ఎక్కగానే బండి కదిలింది.

పొట్లం గ్లౌహావ్ దాటాక విప్పాను. ఇంకా వెచ్చగానే ఉంది.