నా కంప్యూటర్‌కు కందుల మామ పెట్టిన పరీక్ష

నా చదువు మీద నమ్మకమున్నోళ్లు ఈడనే ఆగిపోండ్రి, ఇది విన్నంక ఆ నమ్మకం మిగలదు. రెండేండ్ల పనిని ఒక్క పూటల ముంచబోయిన ఘనురాలిని నేనే.

అప్పుడు హైదరాబాద్‌ల రీసెర్చ్ చేస్తున్న. మనిషి డీఎన్‌ఏ అంటే నాలుగే అక్షరాల పొడుగాటి రాత. అండ్ల జీన్లు కొంచెమే. మిగిలినదాంట్ల అక్కడక్కడ స్విచ్చులుంటయి. ఏ జీను ఏడ పని చెయ్యాలె, ఏడ గమ్మునుండాలె అవే చెప్తయి. కంట్లనూ గుండెలనూ రాత ఒకటే, వెలిగే స్విచ్చులే వేరు. ఎంత ముచ్చటనో చూడుండ్రి! వాటిని పట్టుకోనీకి కంప్యూటర్‌కు డీప్ లెర్నింగ్ పెట్టిన. స్విచ్చు ముక్కలు కొన్ని వేలు, స్విచ్చు కాని ముక్కలు కొన్ని వేలు చూపెట్టి, "ఇగ నువ్వే గుర్తుపట్టు" అన్న.

నూటికి నూరు పట్టింది! సోమవారం ల్యాబ్‌ల అందరి ముందట చెప్పాలె, మా గైడ్ సార్ ఒప్పుకుంటే నా మొదటి పేపర్ అచ్చుకు పోతది. శనివారమే తాండూరు బస్సెక్కిన. వికారాబాద్ రాకముందే పక్కసీటు పెద్దమ్మకు డీఎన్‌ఏ మొత్తం చెప్పేసిన. పాపం, ఆమె ఒక స్టాపు ముందుగాలనే దిగిపోయింది.

ఇంట్ల యాదయ్య మామ కూసున్నడు. మా అమ్మకు అన్న. మార్కెట్ల కందుల సంచులు చూసి సరుకెట్లుందో చెప్పుడు ఆయన పని.

"నూటికి నూరా? ఒక్కటి సుత తప్పు పోలే?"

"పోలే మామా!"

"ఇన్నేండ్ల సంది చూస్తున్న, నాకే అప్పుడప్పుడు తప్పు పోతది. జర ఫికరైతున్నది బిడ్డ."

"నువ్వు మనిషివి మామా, అది కంప్యూటర్!"

"గట్లనా? కొత్తల నేను కందులే చూడకపోతుంటి. మంచియి గోనె సంచుల, పుచ్చులు ప్లాస్టిక్ సంచుల వస్తుండె. సంచి చూసి చెప్పి శభాష్ అనిపించుకున్న. ఒకనాడు సంచులు మారినయి, ఇజ్జత్ పోయింది. నీ ముక్కలన్నీ ఒక్క తీరు సంచిలనే ఉన్నయా?"

నవ్వుకుంట ల్యాప్‌టాప్ తెరిచిన. చూసిన. నవ్వు ఆగింది.

స్విచ్చు ముక్కలు పొట్టియి, పొడుగుయి ఉంటయి. అన్నిటిని వాటికంటె పెద్ద కొలతకు తేనీకి ప్రతిదాని తోకకు సున్నాలు అతికించిన. స్విచ్చు కాని ముక్కలను మాత్రం కొలతకు సరిగ్గ కోసిన, వాటికి సున్నాలే లేవు. ఆ సున్నాలే సంచి అయినయని మామకు చెప్పిన.

"ఉత్త సంచి చూపెట్టు" అన్నడు మామ.

అర్థం లేకుండ 'ఎ' అక్షరమొక్కటే వరుసగ కొట్టి, చివరకు సున్నాలు పెట్టిన.

"స్విచ్చే, పక్కా!" అన్నది కంప్యూటర్.

మామ తల ఊపిండు. "మస్తు తెలివైంది బిడ్డ. కష్టపడకుండనే పాసైంది."

నాకు ఏడుపొచ్చింది. డీఎన్‌ఏ పేరు సుత సరిగ్గ పలకని మామ మా ల్యాబ్ మొత్తానికి కానరానిది రెండు నిమిషాల్ల పట్టిండు. కాళ్లు మొక్కబుద్ధయింది, మొక్కిన కూడ.

ఆదివారమంత కూసోని అన్ని ముక్కలనూ ఒక్క కొలతకు కోసి మళ్ల నేర్పిన. నూటికి ఎనభై కూడ రాలే. కానీ ఈసారి అది నిజంగ అక్షరాలనే చదివింది. సోమవారం జరిగిందంత దాచకుండ చెప్పిన. సార్ పేపర్‌కు ఒప్పుకున్నడు. చివరకు మెల్లగ అడిగిండు.

"నూటికి నూరు వచ్చినప్పుడు నీకు అనుమానం రాలేదా అమ్మా?"

"లేదు సార్, గర్వం వచ్చింది."

అందుకే మీ అందరి సాక్షిగ ఒట్టేస్తున్న. ఇగ ఈ జిందగీల నూటికి నూరు వస్తే సంబురపడ. ముందుగాల తృప్తిగ ఏడుస్త, ఆ తర్వాత తప్పెక్కడున్నదో దేవులాడుత.