ఎనిమిదో మనిషి చోటు

పోయిన నెల మా షావుకారు గారి అబ్బాయి కబురు పెడితే విజయవాడ వన్ టౌన్‌లోని పాత ఆఫీసు గదికి వెళ్ళాను. వ్యాపారం కొత్త మేడలోకి మారుతోంది, పాత గదిలోని గోడబల్లలు ఊడదీయిస్తున్నారు, వాటిని వేయించినవాణ్ణి కనుక ఒక్కసారి చూసి పొమ్మని పిలిచాడు. కొత్తగా చేరిన కుర్రాళ్ళను చుట్టూ నిలబెట్టి, ఇంత ఇరుకు గదిలో అంత ఆఫీసు నడిచిందంటే అదంతా ఈయన బుర్రేనని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేకపోతున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

యుద్ధం ముగిసిన కొత్తలో మాట. అప్పటికింకా అందరి నోటా బెజవాడే. షావుకారు గారిది నేత బట్టల టోకు వ్యాపారం. పెడన వైపు నుంచీ, పామర్రు చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ బేళ్ళు వచ్చి పడేవి. గది రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉండేది. గుమాస్తాలం ఎనిమిది మందిమి చాపల మీద బాసింపట్టు వేసుకుని, ఏటవాలు మూత ఉన్న రాతపెట్టెలు ముందు పెట్టుకుని రాసుకునేవాళ్ళం. బేళ్ళు దిగాయంటే పెట్టెలెత్తుకుని వరండాలోకి పరుగు. మా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మనిషి చాపే అతని ఉద్యోగం. ఎవరినైనా మానిపించదలిస్తే షావుకార్లు నోటితో అనేవారు కాదు, పొద్దున వచ్చేసరికి అతని చాప పరిచి ఉండేది కాదు, అంతే. అతనూ ఎందుకని అడిగేవాడు కాదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవాడు.

ఆ ఎనిమిది మందిలో పెద్దవాడు మా మేనమామ. తండ్రి లేని నన్ను తీసుకొచ్చి, తన పక్కన చాప వేయించి, ఉత్తరానికి పైన ఏం రాయాలో దగ్గర్నుంచీ నేర్పింది ఆయనే.

షావుకారు గారికి ఉన్నట్టుండి బల్లల మీద రాసే ఆఫీసు కావాలనిపించింది. బల్లలు వేస్తే బేళ్ళకు చోటుండదు. నేను కాఫీ హోటల్లో గల్లా దగ్గర ఎత్తి దించే పలక చూసి ఒక ఉపాయం ఆలోచించాను. గోడ పొడుగునా మడతబందులతో పలకలు. దించితే రాతబల్ల, ఎత్తి గొళ్ళెం పెడితే గోడ. కూర్చునే బెంచీలకు మూత తీస్తే లోపల ఉత్తరాల కట్టలు. పరిచి ఉన్న చాపలు లెక్కపెట్టి, గోడ కొలిచి, కాగితం మీద గీసి చూపిస్తే షావుకారు గారు పొంగిపోయి, వచ్చినవాళ్ళందరికీ ఆ కాగితం విప్పి చూపించారు.

వడ్రంగి మేస్త్రీ ఒక పెద్ద వయసు సాయిబు గారు. కాగితం చూసి, "ఏడే గీశారేంది బాబూ? మొన్న నేనొచ్చినప్పుడు ఎనిమిది మంది కదండీ కూర్చుంది?" అన్నాడు.

కూతురి పురుడికని మామయ్య పామర్రు వెళ్ళి ఉన్నాడు. ఆయన చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. నేను దాన్ని లెక్కపెట్టలేదు.

"ఏం ఫర్లేదు, మనిషికి బెత్తెడు తగ్గిస్తే ఎనిమిదోది పడిపోద్దండీ," అని సాయిబు గారు గోడకు కొలబద్ద ఆనించి చూపించాడు కూడా. అంతమంది మెచ్చిన కాగితం తప్పని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. కాగితంలో ఉన్నట్టు చెయ్యండి చాలు అన్నాను. ఆయన నా మొహం ఒకసారి చూసి కొలబద్ద దించాడు. తర్వాత ఏదో సర్దవచ్చులే అనుకున్నాను. సర్దలేదు.

మామయ్య తిరిగి వచ్చిన పొద్దున పలకలన్నీ దించి ఉన్నాయి, ఏడుగురమూ కూర్చుని ఉన్నాం. గుమ్మంలో నిలబడి ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు. "బాగుందిరా, గాలి బాగా ఆడుతోంది," అన్నాడు. నేను తల వంచుకుని రాస్తూనే ఉన్నాను. మూలనున్న తన రాతపెట్టె చంకన పెట్టుకుని, "షావుకారు గారికి నా నమస్కారం చెప్పు. నోటితో అనలేదు, పెద్దమనిషి," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం షావుకారు గారు, "మీ మామయ్య ఇంకా దిగలేదేమోయ్?" అని అడిగారు. బల్ల మీద రాయడం ఆయనకు గిట్టదట, ఇక రానన్నారండీ అని చెప్పాను. "ఇన్నేళ్ళ మనిషి, నాతో ఒక్క మాట అని వెళ్ళకూడదూ!" అని ఆయన చాలా నొచ్చుకున్నారు. ఒకరి మీద ఒకరికున్న ఆ నొప్పితోనే ఇద్దరూ పోయారు. మామయ్య పామర్రులో ఇంటి అరుగు మీద ఆ పెట్టె పెట్టుకుని నేతవాళ్ళకు ఉత్తరాలు రాసిపెడుతూ బతికాడు. నేను వెళ్ళినప్పుడల్లా, "బందులు గట్టిగానే ఉన్నాయట్రా?" అని అడిగేవాడు.

మొన్న ఆదివారం పామర్రు వెళ్ళి వదినకు, అంటే ఆనాడు పురిట్లో ఉన్న మామయ్య కూతురికి, ఉన్నదంతా చెప్పాను. తండ్రిని వెళ్ళగొట్టారన్న కోపంతో ఆవిడ ఇన్నేళ్ళూ షావుకారు గారి ఇంటి గడప తొక్కలేదు, పెళ్ళిళ్ళకు పిలిచినా. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎంత తగ్గిస్తే సరిపోతుందన్నాడు సాయిబు?"

"బెత్తెడు, వదినా."

నాలుగు వేళ్ళూ దగ్గరగా పెట్టి అరచెయ్యి అరుగు మీద ఆనించి, దాని వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. నేను కాసేపుండి బస్సుకు వచ్చేశాను.

ఈ నెల్లో రెండు మూడుసార్లు కొత్త మేడకూ వెళ్ళాను. అక్కడన్నీ ఇనప టేబుళ్ళు, తిరిగే కుర్చీలు. ఒక మనిషి ఎక్కువైతే బంట్రోతు పక్క గదిలోంచి కుర్చీ లాక్కొచ్చి వేస్తాడు. చోటు కనిపించకపోతే నిన్న చేరిన కుర్రాడు కూడా నడి గదిలో నిలబడి నా కుర్చీ ఏదండీ అని గట్టిగా అడుగుతాడు. మొదట విన్నప్పుడు అది పొగరనుకున్నాను. మా మామయ్యకు ఆ మాట వచ్చి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. కానీ ఆయన అడగవలసిన పనేముంది? గుమ్మం పక్క పలక నాదే. నేను లేస్తే సరిపోయేది.